రాష్ట్రాల పక్షాన మాట్లాడిన తెలుగు జడ్జి: పి.వి. రాజమన్నారు

రాజమన్నారు అనే పేరు వినగానే తమిళాయనే అనుకుంటాం. అందులో వింతేం లేదు. కానీ తంజావూరు నాయకరాజుల కాలం పాఠం చదువుకున్న మనకి 'మన్నారు' కొత్త పేరు కాకూడదు. మన్నారుగుడిలో వెలసిన రాజగోపాలస్వామే మన్నారు. రంగాజమ్మ రాసిన 'మన్నారుదాస విలాసం' పేరులో ఉన్నదీ ఆ స్వామే. దక్షిణాదికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఆ పేరు పిల్లలకి పెట్టుకోవటం మామూలే. పాకాల వెంకట రాజమన్నారు అలాంటి ఇంటి బిడ్డ. పుట్టింది 1901 మే 1న.

మన హైకోర్టుకి స్వాతంత్ర్యం తర్వాత మొదటి భారతీయ ప్రధాన న్యాయమూర్తిగా ఆయన పేరు కొంతమందికి తెలుసు. తెలుగు నాటకం చదివినవాళ్లకి 'తప్పెవరిది' రాసిన రచయితగా తెలుసు. కేంద్రం ఎంత వరకు చెయ్యి చాపవచ్చు, రాష్ట్రం ఎక్కడ నిలబడి కాదు అనవచ్చు అనే ప్రశ్నకి ఈ దేశంలో ఒక రాష్ట్ర ప్రభుత్వం మొదటిసారి పద్ధతిగా జవాబు రాయించినప్పుడు, ఆ పని అప్పజెప్పింది ఈయనకే అన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. అందుకే ఈ వ్యాసం.

తండ్రి పి. వెంకటరమణారావు నాయుడుగారు మద్రాసులో పేరున్న వకీలు, తర్వాత హైకోర్టు జడ్జి అయ్యారు. రాజమన్నారు కూడా న్యాయశాస్త్రం చదివి తండ్రి దారే పట్టారు. ఆ ఇంటికి అల్లుడుగా వచ్చినాయన రాజమండ్రి నుంచి వచ్చిన కోకా సుబ్బారావు. మామగారి ఆఫీసులోనే ఆయన ప్రాక్టీసు మొదలుపెట్టారు. మామగారు జడ్జి అయిపోయాక బావ, బావమరిది కలిసి ఒకే చోట కేసులు చూసుకున్నారు. అప్పుడు ఆ ఆఫీసుకి వచ్చిపోయే పార్టీలకి తెలియకపోయి ఉంటుంది కానీ, ఆ ఇద్దరిలో ఒకరు మద్రాసు ప్రధాన న్యాయమూర్తి, ఇంకొకరు దేశానికే ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. రాష్ట్రాల హక్కుల విషయంలో ఇద్దరూ చెరొక చోట నిలబడి మాట్లాడారు. సుబ్బారావుగారి సంగతి మళ్లీ వస్తుంది.

వకీలుగా ఉన్నప్పుడే రాజమన్నారు నాటకాలు రాశారు. 'తప్పెవరిది', 'ఏమి మగవాళ్లు' అనే పేర్లు చూస్తేనే ఆయనకి ఇళ్లలో జరిగే సంగతుల మీద దృష్టి ఉండేదని తెలుస్తుంది. రాజులు, రాక్షసులు, పద్యాలు, హార్మోనియం ఉంటే తప్ప నాటకం కాదనుకునే రోజుల్లో, మామూలు మనుషులు మామూలు భాషలో మాట్లాడే సాంఘిక నాటకం రాయటం తెగింపే. బళ్లారి రాఘవ 'తప్పెవరిది'ని రంగం మీదికి తెచ్చారు. ఆడవేషాలు ఆడవాళ్లే వెయ్యాలని పట్టుబట్టిన మనిషి రాఘవ. ఆయనా వకీలే, ఆయనా కన్నడసీమలో పెరిగిన తెలుగువాడే. నాటకాల మీద ఈ అభిమానం రాజమన్నారుకి చివరిదాకా పోలేదు. 1953లో ఢిల్లీలో సంగీత నాటక అకాడెమీ మొదలైనప్పుడు మొదటి అధ్యక్షుడు ఈయనే.

ఉద్యోగాల వరస త్వరగా చెప్పేస్తాను. 1944లో అడ్వకేట్ జనరల్, 1945లో జడ్జి, 1948లో ప్రధాన న్యాయమూర్తి. 1961లో రిటైరయ్యేదాకా పదమూడేళ్లు ఆ కుర్చీలోనే ఉన్నారు. ఈ మధ్యలో రాష్ట్రం రెండైంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, 1954 జులైలో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు పెట్టారు. దానికి మొదటి ప్రధాన న్యాయమూర్తిగా వెళ్లింది బావగారు సుబ్బారావు. రాజమన్నారు మద్రాసులోనే ఉండిపోయారు. తెలుగువాళ్లంతా సర్దుకుని వెళ్లిపోలేదు అనటానికి మన తాతలతోపాటు ఈయన కూడా ఒక సాక్షి.

ఆయన తీర్పుల్లో రెండింటి గురించి చెప్పాలి. రెండూ 1950వి, అంటే రాజ్యాంగం అమల్లోకి వచ్చి ఏడాది కూడా నిండని రోజులవి.

మొదటిది చంపకం దొరైరాజన్ కేసు. మద్రాసు రాష్ట్రంలో మెడికల్, ఇంజనీరింగ్ సీట్లని కులాల వారీగా పంచే కమ్యూనల్ జీవో ఉండేది. ప్రతి పద్నాలుగు సీట్లలో ఆరు బ్రాహ్మణేతర హిందువులకి, రెండు వెనకబడిన హిందువులకి, రెండు బ్రాహ్మణులకి, రెండు హరిజనులకి, ఒకటి ఆంగ్లో ఇండియన్లకి, క్రైస్తవులకి కలిపి, ఒకటి ముస్లిములకి. ఈ లెక్క వల్ల తనకి మెడికల్ సీటు రాదని చంపకం అనే బ్రాహ్మణ స్త్రీ హైకోర్టుకెక్కింది. ఆవిడ అసలు సీటుకి దరఖాస్తే పెట్టలేదని తర్వాత సుప్రీంకోర్టులో బయటపడింది, అది వేరే కథ. రాజమన్నారు, మరిద్దరు జడ్జీలు కలిసి ఆ జీవో రాజ్యాంగానికి విరుద్ధమని కొట్టేశారు. 1951లో సుప్రీంకోర్టు కూడా అదే అంది. దాంతో ఈ రాష్ట్రంలో పెద్ద ఆందోళన లేచింది. పార్లమెంటు మొదటి రాజ్యాంగ సవరణ చేసి, వెనకబడినవాళ్ల కోసం ప్రత్యేక ఏర్పాట్లు చేసుకోవచ్చని 15వ అధికరణంలో కొత్తగా ఒక క్లాజు చేర్చింది. ఈ రోజు ఈ కాలేజీలో మనలో కొంతమంది కూర్చున్న సీట్లు ఆ సవరణ చలవే. ఆ తీర్పు నాకు నచ్చదు. అక్షరం చూసింది కానీ తరతరాల వెనకబాటు చూడలేదనిపిస్తుంది. అయినా జీవితచరిత్ర రాస్తూ నచ్చిన తీర్పులే చెప్తే అది అభినందన పత్రం అవుతుంది.

రెండోది వి.జి. రావు కేసు. పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ అనే సంఘాన్ని మద్రాసు ప్రభుత్వం చట్టవిరుద్ధమని ప్రకటించింది. ప్రభుత్వం తనకి తానే ప్రమాదమని అనుకుంటే చాలు, సంఘాన్ని మూసెయ్యవచ్చా? కుదరదని రాజమన్నారు బెంచి చెప్పింది. 1952లో సుప్రీంకోర్టు ఆ తీర్పుని నిలబెట్టింది. ఇవాళ్టికీ లా చదివేవాళ్లకి అది తప్పనిసరి పాఠం.

ఈ రెండు కేసుల్లోనూ ఓడిపోయింది ఎవరు? రాష్ట్ర ప్రభుత్వమే. అది గుర్తుపెట్టుకోవాలి. తర్వాత రాష్ట్రాల తరఫున గట్టిగా రాసిన మనిషి, రాష్ట్ర ప్రభుత్వం ఏం చేసినా సరే అనే రకం కాదు. పౌరుడి మీద రాష్ట్రం పెత్తనానికి హద్దు గీసినాయనే, రాష్ట్రం మీద కేంద్రం పెత్తనానికీ హద్దు గీయాలన్నారు.

1957లో మద్రాసు గవర్నరు ఎ.జె. జాన్ పదవిలో ఉండగానే చనిపోయారు. కొత్త గవర్నరు వచ్చేదాకా, అంటే 1958 జనవరి దాకా, ప్రధాన న్యాయమూర్తి హోదాలో రాజమన్నారే తాత్కాలిక గవర్నరుగా ఉన్నారు. నాలుగు నెలలు కూడా లేదు. కానీ గవర్నరంటే ఎవరు, ఎవరి మనిషి అనే ప్రశ్న మీద తర్వాత ఆయన కమిటీ రాసింది చదివేటప్పుడు, ఆ కుర్చీలో ఆయన స్వయంగా కూర్చున్నారన్నది మర్చిపోకూడదు.

ఇక డబ్బు సంగతి. విసుగ్గా ఉంటుంది కానీ మొత్తం గొడవకి మూలం ఇదే. మన రాజ్యాంగంలో పన్నుల పంపకం అప్పట్లో ఎలా ఉండేదంటే, ఏటేటా పెరిగే పన్నులు చాలావరకు కేంద్రానివి: ఆదాయపు పన్ను, కస్టమ్స్, ఎక్సైజు, కంపెనీల మీద పన్ను. రాష్ట్రాలకి భూమిశిస్తు, అమ్మకం పన్ను లాంటివి. ఖర్చులేమో తిరగబడి ఉంటాయి. బడి, ఆసుపత్రి, పోలీసు, కాలవ, ఊరి రోడ్డు అన్నీ రాష్ట్రం నెత్తిన. ఇనప్పెట్టె తాళం పెద్దాయన మొలలో ఉంటుంది, పొయ్యి మీద కుండ కోడలిది. అందుకని అయిదేళ్లకోసారి ఫైనాన్స్ కమిషన్ వేసి, కేంద్రం వసూలు చేసిన దాంట్లో రాష్ట్రాల వాటా తేల్చాలని రాజ్యాంగం చెప్పింది.

1964లో వేసిన నాలుగో ఫైనాన్స్ కమిషన్‌కి అధ్యక్షుడు రాజమన్నారు. ఆదాయపు పన్నులో రాష్ట్రాల వాటా అంతకుముందు మూడింట రెండు వంతులు ఉండేది, ఈ కమిషన్ దాన్ని 75 శాతం చేసింది. కేంద్ర ఎక్సైజులో 20 శాతం ఇమ్మంది. మంచిదే. కానీ ఆ పని చేస్తున్నప్పుడే ఆయనకి అసలు చిక్కు కనిపించింది. రాష్ట్రాలకి డబ్బు రెండు దారుల్లో వస్తోంది. ఒకటి ఫైనాన్స్ కమిషన్ లెక్క కట్టి ఇచ్చేది, అది హక్కు. రెండోది ప్లానింగ్ కమిషన్ ద్వారా వచ్చేది. ఈ ప్లానింగ్ కమిషన్‌కి రాజ్యాంగంలో చోటే లేదు. 1950లో ఒక ప్రభుత్వ తీర్మానంతో పుట్టిందంతే. అయినా దాని చేతి మీదుగా వెళ్లే డబ్బు ఏటేటా పెరిగిపోతోంది. ఆ డబ్బు కోసం ముఖ్యమంత్రులు ఢిల్లీ వెళ్లి అడగాలి. హక్కుగా రావాల్సింది కొంచెం కొంచెంగా దయగా మారిపోతోంది. ఈ రెండు సంస్థల పనులు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయని రాజమన్నారు అప్పుడే ఎత్తి చూపారు.

1959లో జరిగిన ఇంకో చిన్న మార్పు చూడండి. కంపెనీలు కట్టే ఆదాయపు పన్నుని ఆ ఏడాది ఫైనాన్స్ చట్టం కార్పొరేషన్ పన్ను ఖాతాలోకి మార్చింది. పేరు మారగానే అది రాష్ట్రాలతో పంచుకోవాల్సిన లెక్కలోంచి తప్పుకుంది. పరిశ్రమలు పెరిగే కొద్దీ పెరిగే డబ్బు అది. రాజ్యాంగంలో ఒక్క అక్షరం కూడా మార్చకుండా రాష్ట్రాల పళ్లెంలోంచి ముద్ద తీసేశారన్నమాట.

ఈలోగా బావగారు సుబ్బారావు సుప్రీంకోర్టులో ఇదే ప్రశ్నకి ఇంకో వైపునుంచి వచ్చారు. బొగ్గుగనుల భూములు స్వాధీనం చేసుకోవటానికి కేంద్రం 1957లో చట్టం చేసింది. ఆ భూములు తమ రాష్ట్రానివి, రాష్ట్రం ఆస్తిని కేంద్రం ఎలా లాక్కుంటుందని పశ్చిమ బెంగాల్ కోర్టుకెళ్లింది. 1962 డిసెంబరులో వచ్చిన తీర్పులో ఆరుగురు జడ్జీల్లో అయిదుగురు కేంద్రం వైపు నిలిచారు. మన దేశంలో రాష్ట్రాలకి సార్వభౌమత్వం లేదన్నారు. ఒక్క సుబ్బారావు మాత్రం ఒప్పుకోలేదు. తమ పరిధిలో రాష్ట్రాలూ సార్వభౌమమే అని విడిగా రాశారు. ఓడిపోయిన అభిప్రాయం అది. కానీ రాష్ట్రాల హక్కుల మీద రాసేవాళ్లు ఇవాళ్టికీ దాన్నే వెతుక్కుంటారు.

1967 ఎన్నికలు దేశాన్ని మార్చేశాయి. అంతదాకా ఢిల్లీలోనూ రాష్ట్రాల్లోనూ దాదాపు ఒకే పార్టీ. మామా అల్లుళ్ల తగవులన్నీ ఇంట్లోనే తేలిపోయేవి. ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో వేరే పార్టీలొచ్చాయి. మద్రాసులో డి.ఎం.కె. గెలిచింది. ఒకప్పుడు ద్రవిడనాడు వేరే దేశం కావాలన్న పార్టీ 1963లో ఆ కోరిక వదులుకుంది. వదులుకున్నాక, దేశంలోనే ఉండి ఎంత అధికారం అడగవచ్చు అన్నది వాళ్లకి ముఖ్యమైపోయింది. అణ్ణాదురై 1969 ఫిబ్రవరిలో చనిపోయారు. తర్వాత ముఖ్యమంత్రి అయిన కరుణానిధి ఆ సెప్టెంబరులో ముగ్గురితో ఒక కమిటీ వేశారు. అధ్యక్షుడు రాజమన్నారు. సభ్యులు మద్రాసు యూనివర్సిటీకి 27 ఏళ్లు వైస్ ఛాన్సలర్‌గా చేసిన డాక్టర్ ఎ. లక్ష్మణస్వామి మొదలియార్, ఆంధ్రప్రదేశ్‌కీ మద్రాసుకీ ప్రధాన న్యాయమూర్తిగా చేసిన పి. చంద్రారెడ్డి. తమిళ ఉద్యమంలోంచి పుట్టిన ప్రభుత్వం వేసిన కమిటీలో ముగ్గురిలో ఇద్దరు తెలుగువాళ్లు! ముగ్గురిలో ఒక్కరూ ఆ పార్టీ మనిషి కాదు. పైగా పందొమ్మిదేళ్ల కిందట కమ్యూనల్ జీవోని కొట్టేసిన జడ్జినే అధ్యక్షుడిని చేశారు. కరుణానిధి తెలివి అక్కడే కనిపిస్తుంది. పార్టీ పెద్దలే రాస్తే ఢిల్లీ ఒక్క చూపుతో పక్కన పడేసేది.

1971 మే నెలలో రిపోర్టు ఇచ్చారు. అందులో ముఖ్యమైనవి చెప్తాను. ప్రధానమంత్రి, ముఖ్యమంత్రులందరూ కూర్చునే అంతర్‌రాష్ట్ర మండలి వెంటనే పెట్టాలి. రాజ్యాంగంలో దానికి 263వ అధికరణం ఉంది, ఇరవై ఏళ్లయినా అలాంటి మండలి ఎవరూ పెట్టలేదు. ఫైనాన్స్ కమిషన్‌ని శాశ్వత సంస్థ చెయ్యాలి. ప్లానింగ్ కమిషన్‌ని తీసేసి, చట్టం ద్వారా నిపుణుల సంస్థ పెట్టాలి. కార్పొరేషన్ పన్ను, కస్టమ్స్ కూడా రాష్ట్రాలతో పంచుకోవాలి. కేంద్ర జాబితా నుంచి, ఉమ్మడి జాబితా నుంచి కొన్ని అంశాలు రాష్ట్రాలకి మార్చాలి. ఏ జాబితాలోనూ లేని మిగులు అధికారాలు రాష్ట్రాలకి ఉండాలి. రాజ్యసభలో పెద్ద రాష్ట్రం, చిన్న రాష్ట్రం తేడా లేకుండా సమాన సీట్లుండాలి. ఐ.ఏ.ఎస్., ఐ.పి.ఎస్. లాంటి అఖిల భారత సర్వీసులు వద్దు.

చివరి రెండూ నాకు అంత సబబుగా తోచవు. కోట్ల జనం ఉన్న రాష్ట్రానికీ, లక్షల్లో ఉన్న రాష్ట్రానికీ సమానంగా సీట్లిస్తే ఎవరి ఓటు బరువెంత? బయటి రాష్ట్రం నుంచి వచ్చిన కలెక్టరు ఒక్కోసారి స్థానిక పెద్దలకి లొంగకుండా నిలబడటం కూడా చూస్తాం కదా. కానీ గవర్నర్ల గురించి, 356 గురించి రాసినవి చదివితే ఆ ముసలాయనకి ఎంత ముందుచూపు ఉందో తెలుస్తుంది.

రాష్ట్ర మంత్రులు గవర్నరు ఇష్టం ఉన్నంతకాలం పదవిలో ఉంటారని రాజ్యాంగంలో ఒక మాట ఉంది. అది తీసెయ్యాలని కమిటీ అడిగింది. మెజారిటీ ఉందో లేదో చెప్పాల్సింది శాసనసభ కానీ గవర్నరు ఇష్టం కాదు అన్నది వాళ్ల వాదన. గవర్నరుని వేసేటప్పుడు రాష్ట్ర మంత్రివర్గాన్ని సంప్రదించాలన్నారు. ఇక రాష్ట్రపతి పాలన పెట్టే 356, దాని తోక 357, కేంద్రం ఆదేశాలు పాటించకపోతే శిక్షలా వాడే 365, మూడూ ఎత్తెయ్యాలన్నారు. ఏడాది నిండగానే ఆంధ్ర రాష్ట్రంలో 1954లో రాష్ట్రపతి పాలన వచ్చింది. 1959లో కేరళలో మెజారిటీ ఉన్న ప్రభుత్వాన్నే దించేశారు. 1967 తర్వాత అయితే మరీ ఎక్కువైపోయింది. ఇవన్నీ చూసిన తరం అది.

రిపోర్టు ఏమైంది? అటకెక్కింది. కాలం కూడా కలిసిరాలేదు. రెండు నెలల ముందే ఇందిరాగాంధీ లోక్‌సభలో బ్రహ్మాండమైన మెజారిటీతో గెలిచారు. ఆ ఎన్నికల్లో డి.ఎం.కె. ఆవిడతో పొత్తులోనే ఉంది. ఆ ఏడాది చివర్లో బంగ్లాదేశ్ యుద్ధం. బలమైన కేంద్రం తప్ప ఇంకో మాట ఎవరికీ వినిపించని రోజులు. 1974 ఏప్రిల్లో తమిళనాడు శాసనసభ రిపోర్టు ఆధారంగా రాష్ట్ర స్వయంప్రతిపత్తి తీర్మానం చేసి పంపింది. ఢిల్లీ కదల్లేదు.

1976 జనవరి 31న, ఎమర్జెన్సీలో, కరుణానిధి ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేశారు. ఏ అధికరణం కింద అంటే 356 కిందే. తీసెయ్యమన్న కత్తి తీయమన్నవాళ్ల మెడ మీదే పడింది. అదే ఏడాది చేసిన 42వ సవరణ, రాష్ట్ర జాబితాలో ఉన్న విద్యని ఉమ్మడి జాబితాలోకి మార్చింది. రాజమన్నారు కమిటీ అడిగింది ఒక దిక్కు, జరిగింది దానికి ఎదురు దిక్కు. నీట్ పరీక్ష గురించి మన క్యాంటీన్‌లో జరిగే వాదనలన్నీ తవ్వుకుంటూ పోతే ఈ సవరణ దగ్గరే తేలతాయి. మన రాష్ట్ర శాసనసభ నీట్ వద్దని బిల్లు పాస్ చేసినా అది ఢిల్లీ ఆమోదం కోసం ఎందుకు ఎదురుచూడాల్సి వచ్చిందంటే, విద్య ఇప్పుడు ఇద్దరి చేతుల్లో ఉంది, ఇద్దరికీ పడకపోతే కేంద్రం మాటే చెల్లుతుంది.

సుబ్బారావుగారు 1976లో పోయారు. రాజమన్నారు 1979లో కన్నుమూశారు. తన రిపోర్టులో ఒక్క ముక్క కూడా అమలు కావటం ఆయన చూడలేదు.

1984 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ గవర్నరు రాంలాల్, ఎన్.టి. రామారావు ప్రభుత్వాన్ని దించేసి నాదెండ్ల భాస్కరరావు చేత ప్రమాణం చేయించారు. 356 వాడలేదు. గవర్నరు ఇష్టం అన్న ఆ మాటే వాడారు, కమిటీ తీసెయ్యమన్న మాటే. నెల తిరక్కుండా జనం రోడ్డెక్కి, ఎమ్మెల్యేలని ఊరూరా తిప్పి కాపాడుకుని, రామారావుని మళ్లీ కూర్చోబెట్టారు. మన ఇళ్లలో పెద్దవాళ్లని అడిగితే ఆ నెల సంగతులు కథలుగా చెప్తారు.

అప్పటికే కేంద్రం కూడా 1983లో సర్కారియా కమిషన్ వేసింది. 1988లో వచ్చిన దాని రిపోర్టు రాజమన్నారు అంత దూరం వెళ్లలేదు. 356 ఉండనివ్వండి, చాలా అరుదుగా వాడండి అంది. అంతర్‌రాష్ట్ర మండలి 1990లో వచ్చింది, ఈయన అడిగిన 19 ఏళ్లకి. 1994లో బొమ్మై కేసులో తొమ్మిదిమంది జడ్జీల బెంచి, మెజారిటీ తేలాల్సింది శాసనసభలోనే అని చెప్పి 356 కోరలు చాలావరకు పీకేసింది. 2015లో ప్లానింగ్ కమిషన్ పోయింది. దాని చోట నీతి ఆయోగ్ వచ్చింది, అది కూడా చట్టంతో కాదు, తీర్మానంతోనే.

2025 ఏప్రిల్లో తమిళనాడు ప్రభుత్వం కేంద్ర రాష్ట్ర సంబంధాల మీద మళ్లీ ఒక కమిటీ వేసింది. ఈసారీ ముగ్గురే. అధ్యక్షుడు ఈసారీ రిటైరైన జడ్జి, జస్టిస్ కురియన్ జోసెఫ్. శాసనసభలో ఆ సంగతి ప్రకటించేటప్పుడు ముఖ్యమంత్రి రాజమన్నారు పేరు తలుచుకున్నారు.